తాళంచెవి

సోమవారం నా స్కోడాని షెడ్డులో వదిలినప్పుడు
మూడు లక్షల నలభై ఒక్క వేల రెండు వందల ఆరు.
గురువారం వెళ్ళి తెచ్చుకున్నప్పుడు
అదే నలభై ఒక్క వేలు, చివర మూడు వందల అరవై నాలుగు.
గ్దీన్యాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు టాక్సీ తోలినదాన్ని,
ఇంజను ఆపగానే చిట్టాలో అంకె వేసుకోకపోతే
ఇప్పటికీ అన్నం సయించదు.
నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు.
కాకిలెక్క కాదు.

సీటు ఎంత వెనక్కి జరిగిందంటే
క్లచ్చి కోసం నా కాలు గాలిలో వెతుక్కుంది.
అద్దంలో రోడ్డు లేదు, కారు పైకప్పు ఉంది.
రేడియో తిప్పగానే
గుండెల మీద ఎవరో బస్తాలు దింపుతున్న చప్పుడు.
పెడళ్ళ కింద తెల్లటి సన్న ఇసుక.
వెనక సీటులో పొగబెట్టిన చేప వాసన,
సీటు సందులో ఒక ముల్లు,
ఒక ఆకుపచ్చ జడపిన్ను.

"టెస్ట్ డ్రైవ్ అండీ" అన్నాడు వితోల్డ్, చేతులు తుడుచుకుంటూ.
ఆ ఇసుక హెల్ కొసన తప్ప ఎక్కడా దొరకదు.
అక్కడితో నేల అయిపోతుంది.
ఇంకొంచెం టెస్టు చేసి ఉంటే
నా బండికి తెరచాప కట్టాల్సి వచ్చేది.

ఈ షెడ్డు సంగతి నాకు ముందే తెలుసు.
సోపోత్ పళ్ళ డాక్టరు బండిలో కెమెరా దాచి
పోలీసుల దాకా వెళ్ళాడు.
ఓడ మీది వంటవాడొకడు రెంచి పట్టుకుని వచ్చాడట.
మా కింది వాటా పియానో టీచరు
సీటు సరిచేసుకుని, డబ్బులిచ్చి,
మళ్ళీ ఆ వీధి వైపు రాలేదు.
నాకు అరవడం రాదు, మౌనమూ రాదు.
నాకొచ్చిన విద్య మీటరు ఒక్కటే.

రసీదు రాసిచ్చాను.
ఎక్కినందుకు తొమ్మిది జ్వోటీలు.
రాత్రి రేటు, కిలోమీటరుకి నాలుగున్నర.
ఇసుక దులిపినందుకు నలభై.
మొత్తం ఏడు వందల అరవై.
మీ రిపేరు బిల్లు ఆరు వందల తొంభై.
కాబట్టి మీరే నాకు డెబ్బై బాకీ.

వితోల్డ్ నవ్వాడు.
తర్వాత కళ్ళజోడు వెతుక్కున్నాడు.
రెండోసారి చదివాక
"కోర్నెల్!" అని కేక వేశాడు.

పంతొమ్మిదేళ్ళుంటాయేమో.
మెడ దాకా గ్రీజు, చెవులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.
నేను డబ్బు మాట ఎత్తలేదు.
మీ బిల్లులో కింద ఒక వాక్యం ఉంది, చదువు అన్నాను.
చదివాడు: "శబ్దం ఏమీ కనబడలేదు."
శబ్దం కనబడదు నాయనా.
ఎడమకి తిప్పినప్పుడల్లా ముందు చక్రంలో
మెటికలు విరిచినట్టు టక్కుమంటోందని
సోమవారం నా చేత్తో రాసిచ్చాను.
అటు సముద్రం, ఇటు అఖాతం,
మధ్యలో చాప వెడల్పు నేల,
వెనక సీటులో ఒక ఆకుపచ్చ పిన్ను,
రానూపోనూ నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు —
ఒక్క మలుపులో కూడా వినలేదా?

"రేడియో పెట్టుకున్నాను" అన్నాడు.

దాన్ని తాళంచెవి అని ఊరికే అన్నారా?
బండి ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టేది ఒక చెవిని.
మళ్ళీ వాడి చేతిలోనే పెట్టాను.
వితోల్డ్ నోరు తెరిచి మూసుకున్నాడు.

నేను వెనక సీటులో కూర్చున్నాను.
నా బండిలో అటువైపు కూర్చోవడం ఇదే మొదలు,
డ్రైవరు మెడ ఇంత ఒంటరిగా కనిపిస్తుందని
ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.
రేడియో తనే ఆపాడు.
రేవు రోడ్డు దిగి, క్రేన్ల కింద నుంచి,
మొదటి మలుపు కుడికి.
రెండోది ఎడమకి. ట్రాము మోత మింగేసింది.
మూడోది మళ్ళీ ఎడమకి, చేపల గోదాం దగ్గర.

టక్.

వాడేం మాట్లాడలేదు.
వేగం తగ్గించాడు.
చలిగాలి కొడుతున్నా
చెయ్యి చాచి
తన వైపు అద్దం పూర్తిగా దించాడు.